వశిష్ఠకు పూర్తి అదనపు బాధ్యతలు

మా ఆఫీసులో ఒక సర్వర్‌కి మెమో ఇచ్చారు. సర్వర్‌కి చేతుల్లేవు కాబట్టి దాని తరఫున అందుకుని సంతకం పెట్టింది నేను. పెళ్ళయి ఇంటిపేరు మారాక నేను పెట్టిన మొదటి ఆఫీసు సంతకం అదే. చాలా బాగా వచ్చింది. కింద గీత కూడా లాగాను.

మాది రాష్ట్ర గట్లు, కట్టల సంచాలక కార్యాలయం. విజయవాడలో ఒక పెళ్ళిళ్ళ హాలు పై అంతస్తులో అద్దెకుంటుంది. ముహూర్తాలున్న రోజుల్లో కింద సన్నాయి మోగుతుంటే పైన మేం గండ్ల మీద నివేదికలు రాస్తుంటాం. రాష్ట్రంలో ఏ చెరువు గట్టుకి గండి పడినా మా దగ్గర ఒక ఫైలు పుడుతుంది. తర్వాత గండి పూడుతుంది గానీ ఫైలు మాత్రం అలాగే ఉంటుంది.

నేను అక్కడ సహాయ ప్రోగ్రామర్ని. పేరు స్నిగ్ధ. మా ఆయన... ఈ మాట రాస్తే నాకింకా చెంపలు వేడెక్కుతాయి, అందుకే ఇంకోసారి రాస్తాను... మా ఆయన సుధాంశు ఇదే శాఖలో సహాయ ఇంజనీరు. నేను విజయవాడలో, ఆయన పలమనేరులో. శనివారం బస్సెక్కి ఆదివారం పొద్దున్నే దిగుతాడు. ఆదివారం రాత్రి మళ్ళీ ఎక్కుతాడు. మధ్యలో మిగిలిన కాస్త టైంలో మేం కాపురం చేస్తాం. రెండు గ్లాసుల్లో కాఫీ పోయడం, ఆరేసిన బట్టల్లో మగ చొక్కా కనపడటం లాంటివి నాకు ఇంకా పండగలే. కానీ ఆ చొక్కా ఆరేలోపే దాని మనిషి బస్సెక్కేస్తాడు.

ఈ ఏడాది ప్రభుత్వం బదిలీల మీద నిషేధం ఎత్తేసింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులై వేరువేరు చోట్ల ఉంటే ఒక చోటికి చేర్చవచ్చన్నారు. దీన్ని మా ఉద్యోగుల భాషలో స్పౌజ్ కేసు అంటారు. ప్రేమకి నేను విన్న పేర్లన్నిట్లోకీ ఇదే ముద్దుగా ఉంది. మా ప్రధాన కార్యాలయంలో సహాయ ఇంజనీరు ఖాళీ ఒకటే ఉంది. స్పౌజ్ కేసూ ఒకటే ఉంది, అది మాదే. ఆ బదిలీల జాబితా మా షేర్డ్ ఫోల్డర్‌లో సిద్ధంగా ఉంది. శుక్రవారం సాయంత్రం లోపు జాయింట్ డైరెక్టర్ త్రిపురాంబ మేడమ్ తన కంప్యూటర్‌లో దాన్ని తెరిచి ప్రభుత్వానికి పంపితే చాలు. శుక్రవారం దాటితే నిషేధం మళ్ళీ దిగుతుంది. అప్పుడు మాకు ఇంకో ఏడాదంతా ఆదివారాలే.

సోమవారం పొద్దున గౌతమి పడిపోయింది.

గౌతమి, వశిష్ఠ మా రెండు సర్వర్లు. గోదావరి పాయల పేర్లు ఎవరో ముచ్చటపడి పెట్టారు. ఆఫీసు ఫైళ్ళన్నీ ఒక ఉమ్మడి పెట్టెలో ఉంటాయి. దాని తాళంచెవి గౌతమి దగ్గరుంటుంది. వశిష్ఠ పక్కనే ఉండి గౌతమి ఊపిరి గమనిస్తుంటుంది. గౌతమి ఆగిపోతే రెప్పపాటులో తాళంచెవి తను తీసుకుని పని నడిపిస్తుంది. మారినట్టు ఎవరికీ తెలియకూడదు. మా వృత్తిలో గొప్పంతా అక్కడే ఉంది.

ఆఫీసు మొత్తంలో ఏసీ ఉన్నది సర్వర్ల గదిలోనే. అందువల్ల ఎండాకాలంలో సిబ్బంది మజ్జిగ సీసాలన్నీ గౌతమి నెత్తిమీద కొలువుంటాయి. ఆ సోమవారం ఒక సీసా మూత సరిగా పెట్టలేదు. నేను గౌతమి కరెంటు భాగం విప్పి చూస్తే లోపల కరివేపాకు రెబ్బ కనపడింది. కొత్త భాగం వచ్చే వారం గానీ రాదన్నారు. పర్వాలేదనుకున్నాను. వశిష్ఠ అప్పటికే తాళంచెవి అందుకుంది.

అయినా ఎవరి కంప్యూటర్‌లోనూ ఫైళ్ళు తెరుచుకోలేదు. ఏది నొక్కినా 'దారి కనపడలేదు' అని వస్తోంది.

పది నిమిషాల్లో రోగం పట్టుకున్నాను. ఈ రెండు సర్వర్లకీ కలిపి ఒక ఉమ్మడి పేరుంది, 'గట్టు' అని. కంప్యూటర్లు గట్టు అని పిలిస్తే ఆ సమయానికి తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ళు పలుకుతారు. కానీ వీటిని బిగించి వెళ్ళిన కాంట్రాక్టరు అందరి కంప్యూటర్లలోనూ దారి దగ్గర 'గౌతమి' అని రాసి పోయాడు. దాంతో ఆఫీసు ఆఫీసంతా గౌతమీ గౌతమీ అని కేకలేస్తోంది. గౌతమి పలకదు. పక్కనే వశిష్ఠ తాళంచెవి పట్టుకుని నిలబడి ఉంది, దాన్నెవరూ పిలవరు.

ఒక్కో కంప్యూటర్‌లో ఒక్క మాట మార్చాలి, అంతే. కాకపోతే ఇతరుల సీట్లలో ఉన్న కంప్యూటర్లు ముట్టుకోవాలంటే ఫైలు పెట్టి అనుమతి తీసుకోవాలి. పెట్టాను. 'గౌతమి ఆగిపోవడంతో వశిష్ఠ పని అందుకుంది' అని తెలుగులో స్పష్టంగా రాశాను. అది ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంట్ మార్కండేయులు గారి బల్ల మీదకి వెళ్ళింది. సర్వీసు నిబంధనలన్నీ ఆయనకి నోటికొచ్చు. ఆయన నన్ను పిలిపించారు.

"అమ్మా స్నిగ్ధా, గౌతమి పనిని వశిష్ఠ అందుకుందని రాశావు."

"అవును సార్."

"ఎవరి ఉత్తర్వుల మీద?"

"ఉత్తర్వులేం లేవు సార్. తనంతట తనే. అలాగే తయారు చేశారు."

ఆయన కళ్ళజోడు తీశారు. "తనంతట తనే!" అన్నారు, తెలిసినవాళ్ళమ్మాయి లేచిపోయిందని విన్నట్టు. "నా సర్వీసులో పక్క సీటు వాడి గుండుసూది కూడా ఉత్తర్వు లేకుండా తీయలేదమ్మా. ఈఈ గారు నాలుగు రోజులు తిరుపతి వెళ్తేనే ఇంకొకరికి పూర్తి అదనపు బాధ్యతలు ఇస్తూ ఉత్తర్వు వేస్తామే! మొత్తం కార్యాలయం ఫైళ్ళ తాళంచెవి, ఎవరూ ఇవ్వకుండా, రెప్పపాటులో తీసుకుందంటే దాన్నేమంటారు?"

"ఫెయిలోవర్ అంటారు సార్."

"మా రూల్సులో దాన్ని దురాక్రమణ అంటారు."

ఫైలు త్రిపురాంబ మేడమ్ దగ్గరికి పోయింది. మేడమ్ మాట్లాడితే నోట్ ఫైల్ చదివినట్టుంటుంది. ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైనా అలాగే చెబుతారని ఆఫీసులో ప్రతీతి.

"విషయాన్ని కూలంకషంగా పరిశీలించడమైనది," అన్నారు మేడమ్. "సోమవారం నుంచి వశిష్ఠ చేసిన పనంతా అధికారం లేకుండా చేసిన పని. ఆ కాలంలో తెరిచిన ఏ ఫైలూ చెల్లదు. సంజాయిషీ కోరవలసి ఉన్నది."

"మేడమ్, అది యంత్రం."

"అందుకే మర్యాదగా కోరుతున్నాం."

అలా వచ్చింది మెమో. 'వశిష్ఠ (సర్వర్) అనువారు ఏ విధమైన ఉత్తర్వులూ లేకుండా గౌతమి (సర్వర్) వారి విధులను సోమవారం పూర్వాహ్నము నుండి నిర్వర్తించుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఇందుకు వారిపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను.' నేను సంతకం పెట్టి, సర్వర్ల గదిలోకి తీసుకెళ్ళి, వశిష్ఠ ముందు నిలబడి పైకి చదివాను. అందజేయడమంటే అదేనని మార్కండేయులు గారు చెప్పారు. వశిష్ఠ పచ్చ దీపం మిణుక్కుమంది. తప్పు ఒప్పుకున్నట్టే అనిపించింది.

అంతటితో ఆగలేదు. విచారణ ముగిసేదాకా వశిష్ఠని సస్పెన్షన్‌లో ఉంచమన్నారు. సరే, ఆపేస్తానన్నాను.

"ఆపెయ్యడమేంటమ్మా?" మార్కండేయులు గారు నొచ్చుకున్నారు. "సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళకి సగం జీతం ఇవ్వాలి. మనం మనుషులం కాదూ? సగం కరెంటు ఇవ్వు."

వశిష్ఠకి రెండు వైర్లు. ఒకటి పీకాను. నెట్‌వర్కు తీగ కూడా పీకేసి పక్కన పెట్టాను. పనేమీ లేకుండా, సగం జీతం మీద, ఫ్యాను తిప్పుకుంటూ కూర్చుంది. అంతకుముందే ఒక్క దొంగపని చేశాను. నా కంప్యూటర్ నుంచి 'గట్టు' అని పిలిచి, బదిలీల జాబితా తెరిచి, అందులో సుధాంశు పేరు చూసుకుని మూసేశాను. చెల్లని కాలంలో తెరిచిన చెల్లని ఫైలే గానీ, చూసిన ఆనందం మాత్రం చెల్లింది.

ఆ సాయంత్రం ఫోన్లో మా ఆయనకి చెప్పాను.

"అంటే ఒక సర్వర్ మెడికల్ లీవు, ఒకటి సస్పెన్షనా?" అన్నాడు.

"ఊఁ."

"మరి నా జాబితా?"

"పెట్టెలో ఉంది. పెట్టె తాళంచెవి సస్పెన్షన్‌లో ఉంది."

"ఇక్కడ నాకు వండిపెట్టే పెద్దమ్మ రోజూ అడుగుతోంది, 'మీ ఇంటామె ఎప్పుడొస్తాది సార్' అని. మా ఆవిడ రాదు, నేనే పోతానని గొప్పగా చెప్పా. సామాను సగం కట్టేశా, స్నిగ్ధా."

"సగం విప్పకు. శుక్రవారం దాకా టైముంది."

"గిన్నెలు కూడా కట్టేశా. బకెట్లో పెరుగన్నం తింటున్నా."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెళ్ళయ్యాక ఇలా కలిసి రావడం ఎక్కువైంది.

మర్నాడు వశిష్ఠ తరఫున సంజాయిషీ నేనే రాశాను. 'సదుద్దేశంతోనే జరిగినది, ఇకపై ఉత్తర్వులు లేనిదే కదలను' అని హామీ ఇప్పించాను. మేడమ్ కరిగారు. మొదటి తప్పు కింద మందలించి వదిలేస్తూ, వశిష్ఠకి పూర్తి అదనపు బాధ్యతలు ఇవ్వడానికి అంగీకరించారు. నేను గంతేయబోయాను.

"అయితే," అన్నారు మార్కండేయులు గారు, "ఉత్తర్వు వెయ్యాలంటే ముందు ఉద్యోగి అయ్యుండాలి కదా. ఇద్దరికీ సర్వీసు రిజిస్టర్లు తెరుస్తాను."

ఆయన రిజిస్టర్లు పట్టుకుని మా సెక్షన్‌కి వచ్చారు. పక్క సీటు షాహినా అక్క సీనియర్ అసిస్టెంట్. ఫైళ్ళు తెరుచుకోక సోమవారం నుంచి ఆమెకి పనిలేదు, దొరికినవాళ్ళతో వేళాకోళాలాడుతోంది.

"పేరు గౌతమి. స్త్రీ. పేరు వశిష్ఠ. పురుషుడు," అని రాసుకున్నారాయన. "తండ్రి పేరు?"

"తయారు చేసిన కంపెనీ పేరు రాయండి సార్," అన్నాను.

"కేడర్? ఇంజనీర్లు ముట్టుకునే వస్తువుని గుమాస్తా కేడర్‌లో వేస్తే అవమానం. సహాయ ఇంజనీరు అని వేస్తున్నా. చేరిన తేదీ, కొన్న తేదీ ఒకటే. మరి వీళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు?"

నేను నోరు తెరిచేలోపు షాహినా అక్క అందుకుంది. "ఒకే గూట్లో ఉంటారు సార్. ఒకరు పడితే ఇంకొకరు చూసుకుంటారు. ఊపిరి ఆడుతోందా లేదా అని క్షణక్షణం కనిపెట్టుకుని ఉంటారు. నన్నడిగితే మా ఇంట్లో అంత లేదు. మీరే రాసుకోండి ఏమవుతారో."

మార్కండేయులు గారు గంభీరంగా తల ఊపి ఏదో రాసుకున్నారు. మేమిద్దరం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. అప్పుడు నవ్వకుండా ఆయన ఏం రాశారో చూసి ఉండాల్సింది.

బాధ్యతలు తీసుకోవాలంటే ఇచ్చేవాళ్ళు సంతకం పెట్టాలి. గౌతమి మెడికల్ లీవులో ఉంది. దాని జబ్బుకి సర్టిఫికెట్ కావాలన్నారు. యంత్రాల్లో చేరిన తేమ గురించి తెలిసిన అధికారి ఏసీ మెకానిక్కే కాబట్టి అతన్ని పిలిపించారు. అతను గౌతమిని వాసన చూసి, 'మజ్జిగ ఒంటికి పడలేదు. వారం విశ్రాంతి' అని రాసిచ్చాడు. ఇలాంటి రోగికి సంతకం నుంచి మినహాయింపు ఉందని మార్కండేయులు గారే ఒక పాత జీవో వెతికారు. ఆ గురువారం వశిష్ఠకి జాయినింగ్ టైం, అంటే కొత్త చోట చేరడానికి గడువు, ఇచ్చారు. ఒకే గది, ఒకే బీరువా, అయినా ప్రయాణపు బడలిక ఉంటుందన్నారు మేడమ్.

శుక్రవారం రాహుకాలం పోయాక మధ్యాహ్నం ముహూర్తం. కొత్తగా బాధ్యతలు తీసుకునే అధికారికి మా ఆఫీసులో జరిగే మర్యాదలన్నీ జరిగాయి. ఉద్యోగుల సంఘం వాళ్ళు బొకే తెచ్చారు. నాన్ గెజిటెడ్ వాళ్ళొక శాలువా, డ్రైవర్ల సంఘం ఒక శాలువా కప్పారు. కింద హాల్లో సరిగ్గా అప్పుడే గట్టిమేళం మోగింది. నేను రెండో వైరు, నెట్‌వర్కు తీగ పెట్టాను. పచ్చ దీపాలు వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటో దిగారు. గాలి ఆడే కంతలన్నీ శాలువాల కింద మూసుకుపోయి వశిష్ఠ అరుస్తోంది.

"ఏంటమ్మా ఆ కూత?" అన్నారు మేడమ్.

"స్పందన మేడమ్," అని చెప్పి, శాలువాలు తీసి మడతపెట్టాను.

అందరూ సీట్లలోకి పరుగెత్తి ఫైళ్ళు నొక్కారు. దారి కనపడలేదు.

మార్కండేయులు గారి మొహం పాలిపోయింది. ఉత్తర్వు ఇచ్చాక కూడా పని జరగకపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను.

"పూర్తి బాధ్యతలు ఇచ్చాం కదమ్మా! ఇంకా పలకడేం?"

అందరి కంప్యూటర్లలోనూ దారి మార్చాలని సోమవారం నుంచి నేను ఆయనకి కంప్యూటర్ల భాషలో చెబుతూ వచ్చాను. నా తెలివితక్కువతనం ఏమిటో అప్పుడు తట్టింది.

"సార్, గుంటూరు ఈఈ గారికి ఉత్తరం పంపితే కవరు మీద ఏం రాస్తారు?"

"కార్యనిర్వాహక ఇంజనీరు, గుంటూరు. ఇంకేం రాస్తాం?"

"ఆయన పేరు రాయరా?"

"పేరెలా రాస్తామమ్మా! పేరు రాస్తే, ఆయన బదిలీ అయిపోయాడనుకో, ఆ ఉత్తరం ఆయన్ని వెతుక్కుంటూ ఊళ్ళు పట్టుకు తిరుగుతుంది. కుర్చీలో కూర్చున్న కొత్తాయన దాన్ని విప్పడు. ఉత్తరం ఎప్పుడూ హోదాకి రాయాలి, మనిషికి కాదు. గుమాస్తాగా చేరిన మొదటి రోజు నేర్పే పాఠం ఇది."

"మన కంప్యూటర్లన్నీ కొన్నప్పటినుంచీ పేరు రాస్తున్నాయి సార్. కవరు మీద గౌతమి అనే ఉంది. హోదా పేరు గట్టు."

మార్కండేయులు గారు కుర్చీలోంచి లేచారు. "ఏ దౌర్భాగ్యుడు చేశాడమ్మా ఈ పని?" అని గర్జించారు. "ఇన్నేళ్ళుగా సొంత పేరు మీద అధికారిక ఉత్తరాలా! నాకు మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?"

అనుమతి అప్పటికప్పుడే వచ్చింది. ఆయనే నా ముందు నడుస్తూ, ఒక్కో సీటు దగ్గర ఆగి, "లే, లే, కవరు మారుద్దాం," అంటూ అందరినీ లేపారు. నేను ఒక్కో కంప్యూటర్‌లో గౌతమి చెరిపి గట్టు అని రాసుకుంటూ వెళ్ళాను. ఒకటొకటిగా ఫైళ్ళు తెరుచుకున్నాయి. నిజం చెప్పాలంటే కళ్ళు చెమర్చాయి. సాయంత్రం కాక ముందే మేడమ్ కంప్యూటర్‌లో బదిలీల జాబితా తెరిచాం. సహాయ ఇంజనీరు, ప్రధాన కార్యాలయం, ఖాళీ ఒకటి. స్పౌజ్ కేసు, సుధాంశు.

"పంపేయనా?" అన్నారు మేడమ్, వేలు ఎత్తి.

"ఆగండి మేడమ్," అన్నారు మార్కండేయులు గారు. చంకలోంచి సర్వీసు రిజిస్టరు తీశారు. "ఈ ఖాళీ ఇప్పుడు లేదు. వశిష్ఠని సహాయ ఇంజనీరుగా వేశాం కదా, పోస్టు చూపించకుండా ఉద్యోగం ఎలా ఇస్తాం? ఉన్న ఒక్క ఖాళీలో ఆయన్ని చూపించా."

"అది మా ఆయన పోస్టు సార్!"

"స్పౌజ్ కేసు కిందే చూపించానమ్మా, నిబంధన తప్పలేదు. భార్య గౌతమి ఇక్కడే పనిచేస్తోంది. మీ ఆయన కంటే సర్వీసులోనూ సీనియర్. నీ పెళ్ళి నిన్నగాక మొన్న. వాళ్ళు కొన్నప్పటినుంచీ కలిసున్నారు."

వెనక నిలబడ్డ షాహినా అక్క నాలిక్కరుచుకుంది. "నా నోరు పడిపోను," అంది మెల్లగా.

ఫోన్ మోగింది. మా ఆయన. ఎత్తి, "నువ్వో సర్వర్ చేతిలో ఓడిపోయావు," అన్నాను.

"పెళ్ళైన సర్వరా?" అన్నాడు.

"ఊఁ. నీకంటే సీనియర్."

"మరి దాని భార్యకి మెడికల్ లీవు కదా. అది వంటెలా చేసుకుంటోంది?" అన్నాడు. అంత బాధలోనూ నవ్వించాలని చూశాడు. కింద హాల్లో అప్పగింతల పాట అందుకున్నారు. ఎవరి పెళ్ళో, ఎవరో పిల్ల అత్తారింటికి వెళ్తోంది. నాకు వెళ్ళడానికి అత్తారిల్లు కూడా వారానికి ఒక్కరోజే బస్సు దిగుతుంది.

నాకు కోపం వచ్చింది. కొత్త పెళ్ళికూతురికి వచ్చే కోపం చాలా తెలివైనది. ఫోన్ పెట్టేసి మార్కండేయులు గారి వైపు తిరిగాను.

"సార్, వశిష్ఠ సహాయ ఇంజనీరు. మా ఆయన సహాయ ఇంజనీరు. ఒకే శాఖ, ఒకే కేడర్. పరస్పర బదిలీ పెట్టుకుంటే?"

ఆయన కళ్ళు మెరిశాయి. ఎంతసేపూ జనం ఆయన దగ్గరికి గోడు చెప్పుకోవడానికే వస్తారు. నిబంధన తీసుకుని వచ్చింది నేనొక్కదాన్నే కాబోలు.

"అది ఖాళీతో సంబంధం లేని బదిలీ. పెట్టుకోవచ్చు. కానీ ఇద్దరి అంగీకారమూ కావాలి."

"మా ఆయన అంగీకారం మెయిల్లో వస్తుంది సార్. వశిష్ఠ అంగీకారం ప్రింటర్లో వస్తుంది." నా కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తి, వశిష్ఠ నుంచే ఒక కాగితం కొట్టించి తెచ్చాను. 'పలమనేరు వెళ్ళుటకు సమ్మతమే' అని ఒకే లైను.

ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూశారు. "బలవంతపెట్టలేదు కదా?"

"శాలువాలు కూడా తీసేశాను సార్."

మేడమ్ అనుమానం వేరు. "భార్యాభర్తలను విడదీసినట్లగును కదా? గౌతమి పరిస్థితి పరిశీలించవలసి ఉన్నది."

"మధ్యలో లైను ఉంటుంది మేడమ్. ఫైళ్ళకి నకలు అక్కడా ఉంటుంది. రాత్రీ పగలూ మాట్లాడుకుంటారు. ఇక్కడ గౌతమి పడినా, అక్కడినుంచి వశిష్ఠ అందుకుంటాడు. ప్రతిసారీ కొత్త ఉత్తర్వు ఎందుకు? 'గౌతమి లేనప్పుడెల్లా వశిష్ఠ పూర్తి అదనపు బాధ్యతల్లో ఉన్నట్లు భావించవలెను' అని శాశ్వత ఉత్తర్వు ఒకటి వేసెయ్యండి."

"భావించవలెను!" అన్నారు మార్కండేయులు గారు, గులాబ్‌జామ్ నోట్లో వేసుకున్నట్టు. "భావించవలెను అంటే ఇంకేం అడ్డం లేదు మేడమ్."

మేడమ్ కిటికీలోంచి బయటికి చూశారు. అప్పుడు మాత్రం నోట్ ఫైల్‌లా మాట్లాడలేదు. "మా ఆయన విశాఖపట్నంలో, నేనిక్కడ, ఏళ్ళు గడిచిపోయాయి. మేం సర్దుకోలేదూ? ఆ యంత్రాలకేం వచ్చింది. ఈ పిల్లల్ని కలిపెయ్యండి మార్కండేయులు గారూ," అన్నారు. మా ఆయన మెయిల్ రాగానే మార్కండేయులు గారు జాబితాలో 'పరస్పర బదిలీ' అని మార్పించారు, మేడమ్ వేలు నొక్కారు. జాబితా వెళ్ళిపోయింది. తెర మీద 'పంపబడినది' అని వచ్చింది. ఒక ప్రభుత్వ మాట చూసి నేను ఆనందంతో మేడమ్‌ని కౌగిలించుకోవడం కార్యాలయ ప్రవర్తనా నియమావళికి విరుద్ధమని మార్కండేయులు గారు తర్వాత సున్నితంగా చెప్పారు.

వశిష్ఠ అట్టపెట్టెలో సర్దుకుని, ఇంకో శాలువా కప్పించుకుని పలమనేరు వెళ్ళింది. అదే వారం సుధాంశు రెండు సూట్‌కేసులు, బకెట్టు తీసుకుని వచ్చి చేరాడు. వశిష్ఠ స్థానంలో చేరాడు కాబట్టి కుర్చీ సర్వర్ల గదిలోనే వేశారు. విజయవాడ ఎండాకాలంలో స్వెట్టరు వేసుకుని పనిచేసే ఇంజనీరు మా ఆయనొక్కడే. మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకెళ్తాను. ఇద్దరం పొగమంచులో తిన్నట్టు ఆవకాయన్నం తింటాం.

గౌతమి కోలుకుంది. ఒకసారి మళ్ళీ ఆగింది, ఈసారి నిజంగా కరెంటు పోయి. పలమనేరు నుంచి వశిష్ఠ పని అందుకుంది. ఒక్క ఫైలూ ఆగలేదు, ఎవరికీ తెలియలేదు. రాజధాని నుంచి వచ్చిన ఒక కమిటీ దీన్ని విని ఆశ్చర్యపోయింది. వరదో భూకంపమో వచ్చినా ఫైళ్ళు చెక్కుచెదరకుండా రెండో సర్వర్‌ని వేరే ఊళ్ళో పెట్టిన ఏకైక కార్యాలయం మాదేనని మెచ్చుకుని, ఈ దూరదృష్టి ఎవరిదని అడిగింది. మేడమ్ వినయంగా తల వంచుకున్నారు.

ఇక పలమనేరు సబ్ డివిజన్ నుంచి వచ్చిన నివేదికలు ఇంకా బాగున్నాయి. కొత్త సహాయ ఇంజనీరు సెలవు పెట్టలేదు. ప్రయాణ భత్యం అడగలేదు. కాంట్రాక్టర్లతో టీకి వెళ్ళలేదు. ఎంతమంది ఎన్ని అర్జీలు ముందు పెట్టినా విసుక్కోలేదు. దాంతో శాఖలో ఈ ఏడాది ఉత్తమ అధికారి అవార్డు వశిష్ఠకి ప్రకటించారు.

మార్కండేయులు గారు ఆ ఉత్తర్వు పట్టుకుని సర్వర్ల గదికే వచ్చారు. మేం అప్పుడు తింటున్నాం.

"అమ్మా, అవార్డు అందుకోవడానికి వశిష్ఠ గారిని ఇక్కడికి పిలిపించాలి. ఇంత మంచి అధికారిని అంత దూరంలో ఉంచడం అన్యాయం అనిపిస్తోంది. ప్రధాన కార్యాలయానికే తెచ్చేసుకుంటే ఎలా ఉంటుందంటావు? పోస్టు ఒకటే ఉంది, అది వేరే మాట."

మా ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. నేను చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడ్డాను.

"వద్దు సార్. ఆయన్ని కదిలించకండి," అన్నాను. "ఆయన లేకపోతే పలమనేరు ప్రజలు ఏమైపోతారు?"

ఈ ఆఫీసులో చేరాక నేను ఇంత మనస్ఫూర్తిగా చెప్పిన మాట ఇంకొకటి లేదు.